ముందు చెయ్యి తిరగాలి

(అంధ బాలల తల్లిదండ్రులు, అంగన్‌వాడీ కార్యకర్తలు, ఉపాధ్యాయుల కోసం జనవరి 4న విజయనగరంలో జరిగిన సభలో ఒక విశ్రాంత ప్రత్యేక ఉపాధ్యాయురాలు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు ముందుకు వచ్చి కూర్చోండి, కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. పిల్లల్ని మాత్రం చాప మీదే ఉండనివ్వండి. వాళ్ల మధ్య రెండు చేటల నిండా ఉడకబెట్టిన వేరుశనగ కాయలు పెట్టించాను. ఒలుచుకుని తింటారు. ఒకటే షరతు. నా మాటలు అయ్యేదాకా పెద్దవాళ్లెవరూ వాళ్లకు ఒలిచి పెట్టకూడదు. మీ చేతులు ఊరుకోకపోతే మీకూ తలా పిడికెడు ఇప్పిస్తాను, మీవి మీరు ఒలుచుకోండి.

చూపులేనివాళ్లు వేలితో తడిమి చదివే చుక్కల లిపిని తయారుచేసిన లూయీ బ్రెయిల్ పుట్టినరోజు ఈరోజు. ఆయన దగ్గరికి తర్వాత వస్తాను. ముందు ఒక అరటిపండు సంగతి చెప్పాలి.

బాగా బోధించే మాస్టారిని మెచ్చుకోవాలంటే "అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టు చెబుతారు" అంటాం. ముప్పై ఏళ్ల పైచిలుకు ఉద్యోగంలో ఆ మెప్పు నాకూ ఒకటి రెండుసార్లు దక్కింది. చూపులేని పిల్లల దగ్గర ఆ మాట ఎలా తిరగబడుతుందో నాకు నేర్పినవాడు పొందూరు వైపు పల్లెకు చెందిన ఒక ఏడేళ్ల అబ్బాయి. పుట్టుకతోనే చూపు లేదు. ఒక మధ్యాహ్నం వాళ్ల ఇంటి అరుగు మీద కూర్చుని, ఒలవని అరటిపండు వాడి చేతిలో పెట్టి ఇదేమిటో చెప్పమన్నాను. ఈ చివర నుంచి ఆ చివరకు అరచేత్తో రాశాడు. తొడిమ దగ్గర ఆగాడు. దాన్ని అటూ ఇటూ వంచి చూశాడు. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. వాసన అరటిపండుదే, వస్తువు మాత్రం అది కాదు. కాసేపు ఆలోచించి, "టీచరు గారూ, దీనికి అరటిపండు పూశారా?" అన్నాడు.

వాడు రోజూ అరటిపండు తింటాడు. వాళ్లమ్మ ఒలిచి, చిదిమి, పాలలో కలిపి నోట్లో పెడుతుంది. వాడికి తెలిసిన అరటిపండు మెత్తగా, తడిగా, చెంచా మీద వస్తుంది. దానికి తొక్క ఉంటుందని వాడికి ఎవరూ చెప్పలేదు. చూపున్న పిల్లలకైతే చెప్పనక్కర్లేదు. బండి మీద గెల చూస్తారు, పెరట్లో చెట్టు చూస్తారు, ఎదురింటి పిల్లవాడు ఒలుచుకోవడం చూస్తారు. మనం నేర్పకుండానే వాళ్లకు వచ్చేసే విద్య అది. చూపులేని బిడ్డకు అది చేతిలోంచే రావాలి. ఆ చేతికి మనం ఒలిచినదే అందిస్తూ పోతే వాడి లోకంలో తొక్కలుండవు, గింజలుండవు, తొడిమలుండవు.

ఆ తల్లిని తప్పు పట్టడానికి ఇది చెప్పడం లేదు. ఆవిడకు తీరిక తక్కువ, ప్రేమ ఎక్కువ. అసలు తప్పు నాది. ఈ అరటిపండు సంగతి బయటపడే నాటికి నేను ఆ అబ్బాయికి ఎనిమిది నెలలుగా బ్రెయిల్ చెబుతున్నాను.

అది కూడా దాచకుండా చెబుతాను. అప్పట్లో పైనుంచి ఒక అధికారి తనిఖీకి వచ్చారు. వచ్చీ రాగానే "ఎన్ని అక్షరాలు వచ్చాయి?" అన్నారు. ఆ ప్రశ్న అడగని అధికారిని నా సర్వీసులో నేను చూడలేదు. వీణ్ణి ముందు కూర్చోబెట్టాను. కాగితం మీద వేలు జరుపుతూ పాఠమంతా గడగడా చదివాడు. ఆయన చప్పట్లు కొట్టారు, భుజం తట్టారు, వెళ్లిపోయారు. నేను వెనక నిలబడి కాగితాన్నే చూస్తున్నాను. బ్రెయిల్ కాగితానికి కుడివైపు పైమూల కాస్త కత్తిరించి ఉంచుతాం, పైభాగం ఏదో పిల్లలకు తెలియాలని. ఆ కత్తిరించిన మూల వాడి పొట్టకు ఆనుకుని ఉంది. కాగితం తలకిందులుగా పెట్టుకుని చదివాడు! పాఠం అంతా వాడికి చెవిన పడి నోటికి వచ్చేసింది. వేలు ఊరికే తోడు నడిచింది.

ఆయన వెళ్లాక వాడి పక్కన కూర్చుని ఆ చేతిని మొదటిసారి సరిగ్గా చూశాను. చూపుడు వేలి కొస తెల్లబడేటంతగా నొక్కుతున్నాడు. ఒక్కో అక్షరం దగ్గర వేలిని పైకీ కిందికీ గీకుతున్నాడు. అలా గీకి గీకి ఆ కాగితం మీద చుక్కలు సగం అణిగిపోయాయి. ఎడమ చెయ్యి ఏం చేస్తోంది? కంటిని నొక్కుకుంటోంది. ఆ చేతికి అసలు ఉద్యోగమే లేదు.

మన భాషలో ఒక మంచి మాట ఉంది. చెయ్యి తిరగడం. చెయ్యి తిరిగిన వంటవాడు, చెయ్యి తిరిగిన కంసాలి అంటాం. ఆ మాట అన్నవాళ్లు దాన్ని అక్షరాలా చూసి అన్నారేమో అనిపిస్తుంది నాకు. మణికట్టు తిరగాలి. అరచెయ్యి ఆకాశం వైపూ భూమి వైపూ అవలీలగా మారాలి. వేళ్లు దేనికది విడిగా కదలాలి. బొటనవేలు ప్రతి వేలి కొసనూ వెళ్లి పలకరించాలి. ఈ అబ్బాయికి అవేవీ లేవు. వాడి చేతులు రెండు గరిటెల్లాగా ఉండేవి. తీసుకెళ్లి చుక్కల మీద పెట్టాను నేను.

చుక్కలంటే ఎంతటివో తెలుసా? ఈ కాగితం ఇటు నుంచి అటు అందించండి. కళ్లు మూసుకుని తడమండి. ఒక్కో చుక్క ఎత్తు సుమారు 0.5 మిల్లీమీటరు. ఆవగింజలో సగం కూడా ఉండదు. ఒక అక్షరంలో చుక్కకూ చుక్కకూ మధ్య దూరం 2.5 మిల్లీమీటర్లకు కాస్త అటూ ఇటూ. మన వేలికొస మీద రెండు సూదిమొనలు ఒకేసారి ఆనిస్తే, వాటి మధ్య దాదాపు 2 మిల్లీమీటర్లు ఎడం ఉంటేనే అవి రెండని తెలుస్తుంది. అంతకన్నా దగ్గరైతే ఒకటే అనిపిస్తుంది. అంటే బ్రెయిల్ మన వేలి శక్తికి సరిగ్గా అంచున ఉంది.

ఇక్కడే లూయీ గొప్పతనం. 1809లో పారిస్‌కు దగ్గరలోని కూవ్రే అనే ఊళ్లో పుట్టాడు. తండ్రి గుర్రపు జీనులు, తోలు సామాన్లు చేసే పనివాడు. మూడేళ్ల వయసులో తండ్రి కొట్లో తోలుకు బెజ్జాలు వేసే ఆరతో ఆడుకుంటూ కంటికి గుచ్చుకున్నాడు. పుండు రెండో కంటికీ పాకింది. ఐదేళ్లకల్లా రెండు కళ్లూ పోయాయి. ఆ ఇంట్లో వాళ్లు పిల్లవాణ్ణి మూలన కూర్చోబెట్టలేదు, ఊరి బడికి పంపారు. పదేళ్లప్పుడు పారిస్‌లోని అంధుల పాఠశాలలో చేరాడు. అక్కడ షార్ల్ బార్బియే అనే ఆయన తెచ్చిన చుక్కల రాత ఒకటి పరిచయమైంది. అందులో ఒక్కో గుర్తుకు 12 చుక్కల దాకా ఉండేవి, ఆరు వరసల ఎత్తున. వేలికొస దాన్ని ఒక్కసారిగా కప్పలేదు. కిందికీ పైకీ పాకాలి. లూయీ దాన్ని ఆరు చుక్కలకు తగ్గించాడు, వేలు కదపకుండా ఒక్క స్పర్శలో అందేటట్టు. 1824 నాటికి, అంటే పదిహేనేళ్ల వయసుకు, లిపి చాలావరకు సిద్ధం చేశాడు. 1829లో అచ్చు వేశారు. మన భారతీయ భాషలన్నింటికీ కలిపి భారతి బ్రెయిల్ స్థిరపడింది 1951లో. మన తెలుగు బ్రెయిలు అందులోదే. ఒక్క స్పర్శలో అందాలని ఆయన అంత కష్టపడితే, మా అబ్బాయి మళ్లీ వేలిని పైకీ కిందికీ గీకుతూ బార్బియే కాలానికి వెళ్లిపోయాడు.

చూపు పోతే దేవుడు వేళ్లకు ఎక్కువ శక్తి ఇస్తాడని చాలామంది నాతో అంటారు. ఊరికే రాదండి. పని చేసిన వేలికి వస్తుంది. పని లేని వేలు చూపులేనివాళ్లదైనా మొద్దుగానే ఉంటుంది.

ఈ ఊళ్లో ఈ మాట చెప్పడం సులువు కూడా. మన సంగీత కళాశాల 1919లో మొదలైంది. మహారాజావారి దగ్గర పనిచేసే ఒకరి కొడుకుకు చూపు లేదనీ, ఆ కుర్రవాడి సంగీతం చదువు కోసమే ఆలోచన మొదలై అందరికీ కళాశాల అయిందనీ ఇక్కడి పెద్దలు చెబుతారు. వయొలిన్ విద్వాంసులు ద్వారం వెంకటస్వామి నాయుడు గారు పాఠం చెప్పిన చోటు అది. ఆయనకూ చూపు సరిగ్గా ఆనేది కాదు. ఆ కళాశాలలో చేరిన పిల్లకు మొదటిరోజే వీణ ఇచ్చి త్యాగరాజ కీర్తన వాయించమని ఎవరైనా అంటారా? సరళీ స్వరాలు, జంట స్వరాలు, అలంకారాలు అయ్యాకే కదా. ఉంగరం వేలు ఏడుస్తుంటే దానికి వేరే సాధన. వీణకు అంత ఓపిక పట్టే ఊరు బ్రెయిల్ దగ్గరికి వచ్చేసరికి "ఎన్ని అక్షరాలు వచ్చాయి" అంటుంది.

సరే, చేతికి సరళీ స్వరాలు ఎక్కడ మొదలవుతాయి? పొత్తిళ్లలోనే. అంగన్‌వాడీ అమ్మాయిలు ఈ ముక్క గుర్తు పెట్టుకోండి. చూపున్న పసిబిడ్డ నాలుగైదు నెలలకే ఎదుట కనబడ్డ గిలక్కాయ కోసం చెయ్యి చాస్తుంది. చూపులేని బిడ్డ అదే గిలక్కాయ చప్పుడు విన్నా చెయ్యి చాపదు. బుద్ధిమాంద్యం అనుకుని కంగారు పడతారు, నా దగ్గరికి అలా తీసుకొచ్చినవాళ్లు చాలామంది. చప్పుడు వచ్చే చోట ఒక వస్తువు ఉంటుందని, దాన్ని పట్టుకోవచ్చని బిడ్డకు తట్టడానికి ఎక్కువ కాలం పడుతుంది. తొలి పుట్టినరోజు దగ్గర పడ్డాక మొదలవడం మామూలే. ఆ లోపు చేతులు భుజాల దగ్గర పిడికిళ్లు బిగించుకుని ఖాళీగా ఉండిపోతాయి. కాబట్టి గిలక్కాయను దూరంగా ఆడించకండి. మొదట చేతికి తాకించండి, తర్వాత మోగించండి. ఒళ్లో పడుకోబెట్టుకుని రెండు చేతులూ మధ్యకు తెచ్చి ఒకదాన్నొకటి కలుసుకోనివ్వండి. అన్నప్రాసన నాడు పుస్తకం, బంగారం, పూలు ముందు పెట్టి ఏది పట్టుకుంటుందో అని చూస్తాం కదా. ఈ బిడ్డ విషయంలో అవి చేతికి తగిలే దూరంలో పెట్టి, తగిలించి, కాస్త ఆగండి. ఆ ఆగడమే మనకు చేతకాదు.

దానికి తోడు ఒక పాత అలవాటు. మన దగ్గర అక్షరాభ్యాసం అంటే బియ్యంలో. చూపులేని బిడ్డకు అంతకన్నా మంచి పలక లేదు. కానీ అయ్యవారు ఏం చేస్తారు? బిడ్డ చేతిని పైనుంచి గట్టిగా పట్టుకుని దిద్దిస్తారు. చెయ్యి పట్టి దిద్దించడం మనకు చదువుకు మారుపేరు. ఈ పిల్లల విషయంలో ఆ చెయ్యి చెయ్యి మాత్రమే కాదండి, కన్ను కూడా. చూపున్న పిల్లవాడి గడ్డం పట్టుకుని ముఖం అటు తిప్పి, ఇటు తిప్పి "చూడు, చూడు" అంటే ఎలా ఉంటుంది? చెయ్యి లాగి వస్తువు మీద పెట్టడం అలాంటిదే. రెండు మూడుసార్లు అయ్యాక బిడ్డ చేతులు వెనక్కి తీసుకుంటుంది, లేదా చచ్చుబడ్డట్టు మనకే వదిలేస్తుంది. అప్పుడు పని చేసేది మన చెయ్యి. వాళ్లది మీద ప్రయాణం చేస్తుంది అంతే.

దీనికి విరుగుడు చాలా చిన్నది. మీ చెయ్యి కింద, వాళ్ల చెయ్యి పైన. ఎవరైనా ఒకరు ఇలా రండి... రా అమ్మా. నేను ఈ చిక్కుడుకాయ ఈనె తీస్తున్నాను. నీ చెయ్యి నా చేతి మీద వెయ్యి, నీ ఇష్టం వచ్చినప్పుడు తీసెయ్. ఇదిగో, నా గోరు కొసను గిల్లింది. ఇదిగో, ఈనె పక్కకు లాగింది. చూశారా, తన వేళ్లు నా వేళ్ల సందుల్లోంచి కాయ మీదికి జారుతున్నాయి. నేను పట్టుకోలేదు, పిలవలేదు. తనే వస్తోంది. ఇంక నేను నా చెయ్యి మెల్లగా తప్పించుకుంటాను. థాంక్స్ అమ్మా, ఆ కాయ నువ్వే ఉంచుకో.

కొందరు పిల్లలకు తడి, జిగట, గరుకు అంటే ఒళ్లు జలదరిస్తుంది. పెరుగన్నంలో వేలు పెట్టమంటే ఏడుస్తారు. బలవంతం చెయ్యకండి. పొడి బియ్యం, కందిపప్పు, తర్వాత రవ్వ, తర్వాత తడిపిన పిండి, ఇలా ఒక్కో మెట్టు. నాలుగు రోజులకు వచ్చేది నలభై రోజులకు వస్తుంది. రానివ్వండి.

మా అబ్బాయి దగ్గరికి వస్తాను. ఆరు నెలలు వాడికి చుక్కలు చూపించలేదు. ఈ మధ్యలో మళ్లీ తనిఖీ వస్తే ఏం చెప్పాలో అని భయపడుతూనే ఉన్నాను, ఆ మాటా ఒప్పుకోవాలి. నాకు దొరికిన గురువు వాళ్ల మామ్మ. ఆవిడ ఖద్దరు నూలు వడికేది. పొందూరు సన్న ఖద్దరు మీకు తెలుసు. అక్కడ పత్తిని దువ్వడానికి వాలుగ చేప దవడ ఎముక వాడతారు. ఆ ఎముక మీద సన్నటి పళ్లు వరసగా ఉంటాయి. ఆవిడ అది వాడి చేతిలో పెట్టింది, జాగ్రత్త అని కూడా అనలేదు. వాడు చూపుడు వేలితో ఆ పళ్ల వరస మీద ఈ కొస నుంచి ఆ కొసకు వెళ్లాడు. ఈసారి నొక్కలేదు. నొక్కితే గుచ్చుకుంటుంది మరి! పూవు మీద ఈగ నడిచినట్టు నడిచింది వేలు. ఎనిమిది నెలలు "మెల్లగా తాకు నాన్నా, మెల్లగా" అని నేను మొత్తుకున్నది ఒక చేప ఎముక ఒక్క పూటలో నేర్పింది. వాడు చదివిన మొదటి పంక్తి అదే అంటాను నేను.

ఆ తర్వాత మామ్మ వాడికి పనులు ఒప్పజెప్పడం మొదలుపెట్టింది. చింతపండులో పిక్కలు తీయడం. రెండు చేతుల పని అది. ఒక చెయ్యి పట్టి ఉంచాలి, రెండోది పిక్కను వెతికి పొరలోంచి బయటకు నెట్టాలి. ఎడమ చేతికి ఉద్యోగం దొరికింది. కన్ను నొక్కుకోవడం దానంతటది తగ్గింది, చేతిలో పని ఉంటే కంటి దగ్గరికి ఎలా వెళుతుంది? తడి తుండుగుడ్డ పిండడం వచ్చింది, దాంతో మణికట్టు తిరిగింది. సీసా మూతలు, తాళం చెవి, చొక్కా బొత్తాలు. వెల్లుల్లి పొట్టు తీసేటప్పుడు మాత్రం బూతులు కూడా నేర్చుకున్నాడు మామ్మ దగ్గర, దానికి నా బాధ్యత లేదు. ఒక రోజు వెళ్లేసరికి తేగలు ఒలుస్తున్నాడు. తేగను పళ్లతో కొరికి నార లాగి, రెండుగా చీల్చి, మధ్యలో ఉండే ఆ సన్నటి చందమామను వేలికొసలతో తీసి నా చేతిలో పెట్టాడు. తెగకుండా వచ్చింది. మీలో ఎంతమంది తెగకుండా తీయగలరు?

వచ్చే వారం సంక్రాంతి పిండివంటలు మొదలవుతాయి. ఈ పది రోజుల్లో మీ వంటిళ్లలో జరిగే పని ఏ ప్రత్యేక పాఠశాలలోనూ దొరకదు. అరిసెలు వత్తడానికి అరచెయ్యి, జంతికల గొట్టం తిప్పడానికి మణికట్టు. ముగ్గు చూడండి. బొటనవేలు, చూపుడు వేలు కలిపి పట్టిన చిటికెడు పిండిలోంచి గీత సన్నగా జారాలి, ఆ బిగువును వేళ్లే కొలుచుకోవాలి. చుక్క పెట్టడం ఎంత గొప్ప సాధనో! ఆడపిల్లకే కాదు, మగపిల్లవాడికీ పెట్టించండి. వాకిట్లో ఎవరో నవ్వుతారని అనుకుంటే పెరట్లో పెట్టించండి. ఒక్క జాగ్రత్త. పలాస వైపు నుంచి వచ్చినవాళ్లున్నారు కాబట్టి చెబుతున్నాను, జీడిపిక్కల పెంకు మాత్రం ఈ పిల్లల చేతికి ఇవ్వకండి. ఆ పెంకులోని నూనె చర్మాన్ని కాలుస్తుంది. ఈ వేళ్లు మనకు చాలా ఖరీదైనవి.

ఆటబొమ్మలు ఏం కొనాలని అడుగుతారు. విదేశీ బొమ్మల జాబితాలు నా దగ్గర కూడా ఉండేవి. ఇప్పుడు ఒక్కటే చెబుతాను, వామనగుంటల పీట. అటకల మీద పడి ఉంటుంది, దింపండి. లేకపోతే నేల మీద మట్టిలో గుంటలు తవ్వండి. రెండు వరసలు, వరసకు ఏడు, మొత్తం 14 గుంటలు. చింతపిక్కలు. ఇందులో బ్రెయిల్‌కు కావలసినదంతా దాక్కుని ఉంది. ఒక గుంటలోని పిక్కలన్నీ ఊడ్చి అరచేతిలోకి తీసుకోవాలి. పిడికిలి విప్పకుండా లోపలి నుంచి ఒక్క పిక్కను బొటనవేలితో వేళ్ల కొసలకు నెట్టుకుని రావాలి. గుంటకు ఒకటి చొప్పున వదలాలి, రెండు పడితే ఎదుటివాడు ఊరుకోడు. ఈలోపు ఎడమ చెయ్యి ముందుకు వెళ్లి తర్వాతి గుంట ఎక్కడుందో చూసి పెట్టాలి. వరస అయిపోగానే దారి తప్పకుండా రెండో వరసకు మళ్లాలి. రేపు ఆ పిల్లవాడు పుస్తకం చదివేటప్పుడు చేసేది ఇదే. మంచి పాఠకులు రెండు చేతులతో చదువుతారు. కుడి చెయ్యి పంక్తి చివరి భాగం చదువుతుండగానే ఎడమ చెయ్యి కింది పంక్తి మొదలు పట్టుకుని సిద్ధంగా ఉంటుంది.

ఆట బాగా వచ్చాక ఆ పీటను నిలువుగా తిప్పండి. ఇప్పుడు రెండు నిలువు వరసలయ్యాయి. పైనున్న మూడు జతలు ఉంచి మిగతావి గుడ్డతో కప్పేయండి. అవే ఆరు చుక్కలు. ఎడమవైపు పైనుంచి కిందికి ఒకటి, రెండు, మూడు. కుడివైపు నాలుగు, ఐదు, ఆరు. ఒకటో గుంటలో పిక్క వేస్తే అ. ఒకటి, రెండింటిలో వేస్తే బ. ఒకటి, రెండు, మూడింటిలో వేస్తే ల. గుడ్ల అట్టను ఆరు గుంటలకు కత్తిరించి నిమ్మకాయలు పెట్టినా అదే. కానీ కుడి, ఎడమ, పైన, కింద అన్న మాటలు అంతకుముందే ఒంటి మీద తెలిసి ఉండాలి. కుడి భుజం, ఎడమ మోకాలు, తలపైన, గడ్డం కింద. తర్వాత గిన్నె మీద, ఆ తర్వాతే కాగితం మీద. ఎందుకంటే హ అక్షరానికి 1, 2, 5 చుక్కలు. ద అక్షరానికి 1, 4, 5. జ అక్షరానికి 2, 4, 5. మూడూ మూడేసి చుక్కల మూలలే, ఏ వైపుకు తిరిగాయన్నదే తేడా. కుడి ఎడమలు తెలియని పిల్లకు హారం, దారం, జారడం అన్నీ ఒకటే.

రాతకు కావలసిన బలం వేరే. బ్రెయిల్ పలక, స్టైలస్ అనే మొనదేలిన పనిముట్టుతో రాసేటప్పుడు కుడి నుంచి ఎడమకు, కాగితం వెనక నుంచి పొడుస్తూ వెళతారు. తిప్పితే అవే ఉబ్బెత్తు చుక్కలై ఎడమ నుంచి కుడికి వస్తాయి. మందపాటి కాగితం, ఒక్కో చుక్కకు అరచేతి బలం. ఐదేళ్ల పిల్లకు పది అక్షరాలకే చెయ్యి లాగేస్తుంది. పిండి పిసకడం, పచ్చడి దంచడం చేసిన చేతికి అంత లాగదు. బ్రెయిల్ టైపు యంత్రం ఉంటే చుక్కకొక మీట, ఆరు మీటలు, రెండు చేతుల చూపుడు, మధ్య, ఉంగరం వేళ్లు. ఉంగరం వేలు ఎప్పుడూ సోమరిదే, పక్క వేలి మీద వాలుతుంది. హార్మోనియం మీద కూర్చోబెడితే దానికి బుద్ధి వస్తుంది.

నా మాటలు ఎక్కువయ్యాయి. ప్రశ్నలుంటే అడగండి.

(ఒక ఉపాధ్యాయుడు: ఇప్పుడు ఫోనే చదివి పెడుతోంది కదా, ఇంత కష్టం ఎందుకు?)

ఫోను వద్దనను మాస్టారూ, నేనూ వాడతాను. ఫోను మాట వినిపిస్తుంది, అక్షరం చూపించదు. విని మాత్రమే పెరిగిన పిల్లలు శివుడి శ ఎక్కడ, సంతకం స ఎక్కడ అని తేల్చుకోలేరు. లెక్కల్లో ఒకదాని కింద ఒకటి వేసి కూడాల్సి వస్తే చెవి చాలదు. ఇంకోటి చెప్పనా? అదే ఫోను తెర మీద ఆరు వేళ్లు ఆనించి బ్రెయిల్‌లో టైపు చేసే వీలు వచ్చింది. దానికీ ఆ వేళ్లే కావాలి.

(ఒక అంగన్‌వాడీ కార్యకర్త: మరి చుక్కలు ఏ వయసులో మొదలుపెట్టాలి?)

వయసు నేను చెప్పను, చెబితే అదే పట్టుకుంటారు. చెయ్యి చూడండి. ఒక దారాన్ని అట్ట మీద అతికించి ఇస్తే, దాని వెంట రెండు చూపుడు వేళ్లూ పక్కపక్కనే, దారం మీంచి జారిపోకుండా చివరిదాకా వెళుతున్నాయా? నొక్కకుండా వెళుతున్నాయా? సంచిలో చెయ్యి పెట్టి రూపాయి, రెండు రూపాయల బిళ్లలు వేరు చేస్తోందా? అప్పుడు మొదలుపెట్టండి. అయితే అప్పటిదాకా బ్రెయిల్ కాగితమే ఇంట్లో ఉండకూడదని కాదు. చూపున్న పిల్లల చుట్టూ గోడల మీద, బిస్కెట్ పొట్లాల మీద అక్షరాలు ఉంటాయి కదా. వాళ్ల కంచానికి, పెట్టెకు వాళ్ల పేరు బ్రెయిల్‌లో అంటించి ఉంచండి. మీ మండలంలో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ఉండే భవిత కేంద్రంలో అడిగితే రాసి ఇస్తారు. తాకనివ్వండి, పరీక్ష పెట్టకండి.

(ఒక పెద్దావిడ: ఆ బాబు ఇప్పుడేం చేస్తున్నాడమ్మా?)

బాబు కాదు మామ్మగారూ, మీసాలొచ్చాయి. చదువుతాడు. తొందరగా చదవడు, రెండు చేతులతో చదువుతాడు. పాత అలవాటు పూర్తిగా పోలేదు, అలసిపోతే ఇప్పటికీ వేలు గీకుతుంది. మొదట్లో చుక్కలు తప్పు దారిలో నేర్పిన పాపం అది, నాది.

(పెద్దావిడ: మా మనవరాలికి ఆరేళ్లు. కత్తిపీట దగ్గరికి రానివ్వమంటారా?)

కత్తిపీట ఇప్పుడే వద్దు. బెండకాయలు చేత్తో తుంచనివ్వండి, ముదురో లేతో కొస విరిస్తే తనే చెబుతుంది. తర్వాత అరటిపండు కోయడానికి మొద్దు కత్తి ఇవ్వండి. పదును ఎటు ఉందో ముందు మీ చేతి మీద తన చెయ్యి పెట్టి చూపించండి. చిన్నగా తెగుతుందేమో. మీ చేతికి ఎన్నిసార్లు తెగలేదు?

ఇంకేమైనా... ఆ రెండో చేట దగ్గర, నీలం చీర కట్టుకున్న అమ్మా, నేను ఇటు మాట్లాడుతున్నా అటే చూస్తున్నాను. ఆ ఒలిచిన గింజలు బాబుకు ఇవ్వకండి. మీరు తినేయండి.